గేరు పన్నుకు ఆ వంపు ఎక్కడిది?

ఎండాకాలం బాపట్లలోనో తెనాలిలోనో చెరకు రసం బండి దగ్గర గ్లాసు కోసం నిలబడినప్పుడు, మర పక్కవైపు ఒకసారి చూడండి. రోలర్ల చివర గ్రీజు పట్టి నల్లబడిన పళ్ల చక్రాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరుగుతుంటాయి. మొదటిసారి చెరకు గడను నేరుగా పెడతారు. తర్వాత ఆ పిప్పినే మడిచి, మధ్యలో అల్లం ముక్క, నిమ్మచెక్క ఇరికించి మళ్లీ తోస్తారు. మందం పెరిగింది కాబట్టి రోలర్లు ఎడంగా జరగాలని చూస్తాయి. బేరింగులు అరిగిన మరలో ఆ కదలిక కంటికే తెలుస్తుంది. రోలర్లు జరిగితే వాటికి బిగించిన గేర్లూ జరిగినట్టే. ఇందాక పన్నూ పన్నూ తాకిన చోటు ఇప్పుడు మారిపోయింది. అయినా రెండో రోలరు తడబడదు, ఆగి ఆగి తిరగదు. మొదటిది ఏ వేగంతో తిప్పుతుంటే అది అదే లెక్కన తిరుగుతుంది.

గేర్లు దూరం జరిగినా లెక్క తప్పకపోవడానికి కారణం పన్ను పక్కన ఉండే వంపు. దాని పేరు ఇన్‌వల్యూట్. కంప్యూటరులో క్యాడ్ సాఫ్ట్‌వేర్ తెరిచి గేరు గీయబోయే ప్రతి విద్యార్థీ మొదట తడుముకునేది ఈ వంపు దగ్గరే. చక్రం గీయడం తేలిక, ఇరవై పళ్లను చుట్టూ పేర్చడం ఇంకా తేలిక. ఒక్క పన్ను అంచును ఎలా వంచాలన్నదే అసలు ప్రశ్న.

సగటు లెక్క చాలదు

20 పళ్ల గేరు 40 పళ్ల గేరును తిప్పితే రెండోది సగం వేగంతో తిరుగుతుందని అందరికీ తెలుసు. పళ్లు ఏ ఆకారంలో ఉన్నా ఈ మాట నిజమే. చెక్క చక్రాల చుట్టూ మేకులు దిగ్గొట్టినా, మొదటిది రెండు చుట్లు తిరిగేసరికి రెండోది ఒక చుట్టు తిరుగుతుంది. అది సగటు లెక్క.

యంత్రానికి సగటు చాలదు. ఒక పన్ను ఎదుటి పన్నును తాకిన క్షణం నుంచి వదిలే క్షణం దాకా, ఆ కాస్త దూరంలో కూడా నిష్పత్తి మారకూడదు. అంచు అడ్డదిడ్డంగా ఉంటే ప్రతి పన్ను దగ్గరా రెండో చక్రం కొంచెం ముందుకు ఉరికి, కొంచెం వెనకబడుతుంది. చెరకు మర తిరిగే వేగానికి అది చిన్న చప్పుడుతో పోతుంది. అదే రైసుమిల్లు గేర్‌బాక్సులో సెకనుకు వందల పళ్లు కలుస్తుంటే, ఉరకడం, ఆగడం కూడా అన్నిసార్లే జరుగుతాయి. ముందు రొద పుడుతుంది, తర్వాత షాఫ్టు అదురుతుంది, ఆపై పన్ను మీద గుంటలు పడతాయి. చివరికి ఒక పన్ను మొదలంటా విరుగుతుంది.

క్రాస్ బెల్టు మీద సుద్ద చుక్క

ఇన్‌వల్యూట్‌ను అర్థం చేసుకోవడానికి పాత రైసుమిల్లు బెల్టును మించిన దారి నాకు కనిపించలేదు. రెండు పుల్లీలు ఎదురెదురు దిశల్లో తిరగాలంటే బెల్టును మధ్యలో మెలివేసి, ఎనిమిది అంకె ఆకారంలో వేస్తారు. అదే క్రాస్ బెల్టు. బెల్టు జారనంతవరకు రెండు పుల్లీల వేగాల లెక్క వాటి వ్యాసాలను బట్టే నడుస్తుంది, ఏ క్షణంలోనూ మారదు.

ఇప్పుడు రెండు పుల్లీల మధ్య తిన్నగా సాగే బెల్టు మీద ఒకచోట సుద్దతో చుక్క పెట్టారనుకోండి. మొదటి పుల్లీకి ఒక పెద్ద అట్ట బిగించారు, పుల్లీతో పాటు అదీ తిరుగుతుంది. బెల్టు కదులుతుంటే ఆ సుద్ద చుక్క అట్ట మీద ఒక గీత గీస్తుంది. పుల్లీకి చుట్టిన దారాన్ని బిగువు సడలకుండా విప్పుతూ పోతే దారం కొస గీసే గీత కూడా ఇదే. రెండో పుల్లీకీ ఒక అట్ట బిగిస్తే అదే చుక్క దాని మీద మరో గీత గీస్తుంది. గీసినంతసేపూ రెండు గీతలూ ఒకదాన్నొకటి తాకేది ఆ చుక్క దగ్గరే.

ఆ గీతల వెంట అట్టలను కత్తిరించి బెల్టును తీసేయండి. ఒక అట్ట అంచు రెండో అట్ట అంచును తోస్తుంది. బెల్టు ఉన్నప్పుడు ఏ లెక్కన తిరిగాయో ఇప్పుడూ పుల్లీలు అదే లెక్కన తిరుగుతాయి. ఆ అట్ట అంచులే గేరు పళ్లు. ఆ పుల్లీల్ని గేరు భాషలో బేస్ సర్కిళ్లు అంటారు. రెండు పుల్లీల కేంద్రాల్ని కలిపే గీతకు లంబంగా ఉండే దిశ నుంచి బెల్టు ఎన్ని డిగ్రీలు వాలి సాగుతోందో అది ప్రెజర్ యాంగిల్. ఇప్పుడు తయారయ్యే గేర్లలో ఎక్కువగా ఇది 20 డిగ్రీలు, పాత యంత్రాల్లో 14½ డిగ్రీలు.

చెరకు మర చిక్కుముడి ఇక్కడే విడిపోతుంది. పుల్లీల్ని కాస్త ఎడంగా జరిపితే బెల్టు వాలు మారుతుందే తప్ప పుల్లీల వ్యాసాలు మారవు. వ్యాసాలు మారనప్పుడు వేగాల లెక్కా మారదు. 20, 40 పళ్లున్న 4 మాడ్యూల్ (పన్ను సైజు కొలత) గేర్లు రెండింటి కేంద్రాల మధ్య ఉండాల్సిన దూరం 120 మిల్లీమీటర్లు. దాన్ని 121 చేస్తే ప్రెజర్ యాంగిల్ 20 నుంచి సుమారు 21¼ డిగ్రీలకు పెరుగుతుంది. నిష్పత్తి మాత్రం సరిగ్గా రెండే. నష్టం లేకపోలేదు. పళ్ల మధ్య ఆట పెరుగుతుంది, ఒక పన్ను వదిలేలోపు ఇంకో పన్ను అందుకునే వ్యవధి తగ్గుతుంది. అందుకే కృష్ణ అవతల ఉయ్యూరులాంటి చోట్ల ఉండే చక్కెర ఫ్యాక్టరీల్లో, పై రోలరు చెరకు మందాన్ని బట్టి లేచి దిగే మిల్లులకు, మామూలుకన్నా పొడుగు పళ్లున్న పినియన్ గేర్లు వాడతారు.

*పెట్టె: ఈ వంపు ఎవరికి తట్టింది?*
*దారం విప్పితే వచ్చే ఈ గీతను డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ లోలకం గడియారాల మీద 1673లో వెలువరించిన పుస్తకంలో వివరించాడు. అక్కడ ఆయన వెతుకుతున్నది లోలకం ఊగే దారి. గేరు పన్నుకు ఇది తగినదని 18వ శతాబ్దంలో గణితజ్ఞుడు ఆయిలర్ లెక్క కట్టి చూపాడు. కర్మాగారాల్లో ఇది స్థిరపడడానికి ఇంకో వందేళ్లకు పైగా పట్టింది. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో ఫెలోస్, జర్మనీలో ఫౌటర్ తయారుచేసిన యంత్రాలు గేరునూ కత్తినీ కలిపి తిప్పుతూ పన్ను కోయడం మొదలుపెట్టాక ఇన్‌వల్యూట్‌కు ఎదురు లేకపోయింది.*

మూడు అంకెలు చాలు

గేరు గీయడానికి బొమ్మ అక్కర్లేదు. పళ్లెన్ని, మాడ్యూల్ ఎంత, ప్రెజర్ యాంగిల్ ఎంత? మామూలు గేరుకు ఈ మూడు తెలిస్తే మిగతా కొలతలన్నీ వాటంతట అవే వస్తాయి. మాడ్యూల్ అంటే పన్ను సైజు. దాన్ని పళ్ల సంఖ్యతో గుణిస్తే పిచ్ సర్కిల్ వ్యాసం. మన 20 పళ్లు, 4 మాడ్యూల్ గేరుకు అది 80 మిల్లీమీటర్లు. పన్ను ఆ వృత్తానికి పైన ఒక మాడ్యూల్ ఎత్తు లేస్తుంది కాబట్టి బయటి వ్యాసం 88. కిందకు ఒకటింబావు మాడ్యూల్ దిగుతుంది కాబట్టి మొదలు దగ్గర వ్యాసం 70. ప్రెజర్ యాంగిల్ 20 డిగ్రీలైతే పిచ్ వ్యాసంలో దాదాపు 94 శాతం బేస్ సర్కిల్. కచ్చితంగా చెప్పాలంటే 75.18 మిల్లీమీటర్లు.

ఇక క్యాడ్‌లో దారం విప్పాలి. బేస్ సర్కిల్ మీద ఒక బిందువు దగ్గర మొదలుపెట్టి 5 డిగ్రీలు జరగండి. 75.18 వ్యాసమున్న వృత్తం మీద 5 డిగ్రీల చాపం పొడవు 3.28 మిల్లీమీటర్లు, అంటే విడుదలైన దారం అంత. ఆ చోట వృత్తాన్ని తాకుతూ సాగే సరళరేఖ గీసి, మొదలుపెట్టిన వైపుకు 3.28 మిల్లీమీటర్ల దూరాన చుక్క పెట్టండి. ఇంకో 5 డిగ్రీలు జరిగితే దారం 6.56. అలా ఏడు అడుగులు, 35 డిగ్రీలు. చుక్కలు కేంద్రం నుంచి ఎంత దూరంలో పడుతున్నాయో చూస్తే వంపు స్వభావం తెలిసిపోతుంది. మొదటి అడుగులో చుక్క 37.59 నుంచి 37.73కి లేస్తుంది, 0.14 మిల్లీమీటరే. తర్వాతివి 38.16, 38.85, 39.81, 41.01, 42.43. ఏడో చుక్క 44.05. పన్ను కొస 44 దగ్గర కాబట్టి వెంట్రుకవాసి దాటి ఆగింది. చివరి అడుగులో చుక్క ఒకటిన్నర మిల్లీమీటరుకు పైగానే లేచింది.

పన్ను మొదలు దగ్గర వంపు చాలా తీవ్రంగా ఉంటుంది, కొసకు వెళ్లేకొద్దీ సాగి నెమ్మదిస్తుంది. దారాన్ని సమానమైన డిగ్రీలతో విప్పితే చుక్కలు కూడా వంపు ఎక్కువున్న మొదట్లోనే దగ్గరదగ్గరగా పడతాయి. అలా కాక ఎత్తును సమాన భాగాలు చేసి చుక్కలు పెడితే, చుక్కల్ని కలిపే స్ప్లైన్ గీత మొదట్లో దారి తప్పుతుంది. ఒకే చాపంతో, అంటే వృత్తం ముక్కతో, పని కానివ్వడం ఇంకా తప్పు. దాని వంపు అంతటా ఒకటే. తెర మీద తేడా కనబడదు, గేరు తిరిగేటప్పుడు వినబడుతుంది.

ఒక అంచు వచ్చింది. దాన్ని అద్దంలోలా తిప్పి రెండో అంచు గీయాలి. అద్దాన్ని ఎక్కడ నిలబెట్టాలి? చాలామంది పొరబడేది ఇక్కడే. 20 పళ్లకు ఒక పన్ను, ఒక సందు కలిపి 18 డిగ్రీలు. పిచ్ సర్కిల్ మీద పన్ను వాటా 9 డిగ్రీలు, అందులో సగం నాలుగున్నర. కానీ మన గీత మొదలైంది పిచ్ సర్కిల్ మీద కాదు, బేస్ సర్కిల్ మీద. అక్కడి నుంచి పిచ్ సర్కిల్ దాకా ఎక్కేలోపు ఇన్‌వల్యూట్ పన్ను మధ్యవైపుకు 0.854 డిగ్రీలు వాలుతుంది. ఆ వాలును నాలుగున్నరకు కలపాలి. అంటే బేస్ సర్కిల్ మీద గీత మొదలైన చోటికీ పన్ను నడిగీతకూ మధ్య 5.354 డిగ్రీలు ఉండాలి. ఇది మరిచి నాలుగున్నర దగ్గరే అద్దం నిలబెడితే పన్ను సన్నబడి, పళ్ల మధ్య ఉండకూడనంత ఆట వస్తుంది. సరిగ్గా గీసిన పన్ను మందం బేస్ సర్కిల్ మీద సుమారు 7 మిల్లీమీటర్లు, పిచ్ సర్కిల్ మీద 6.28, కొసలో 2.8 ఉంటుంది. ఈ మూడూ కలిస్తే ఆ పన్నును చుట్టూ 20 సార్లు పేర్చవచ్చు.

దారం లేని చోట

లెక్క చూసుకుంటే ఒక ఖాళీ కనిపిస్తుంది. బేస్ సర్కిల్ వ్యాసం 75.18, పన్ను మొదలు వ్యాసం 70. పుల్లీ లోపల దారం ఉండదు కాబట్టి బేస్ సర్కిల్ కింద ఇన్‌వల్యూట్ అంటూ లేదు. ఆ రెండున్నర మిల్లీమీటర్ల లోతును ఏదో ఒకదానితో పూరించాలి. గేరుకు 42 పళ్లు, అంతకన్నా ఎక్కువ ఉంటే బేస్ సర్కిల్ మొదలు కన్నా లోపలికి వెళ్లిపోతుంది కాబట్టి ఈ చిక్కు రాదు. చిన్న గేర్లకే ఈ బాధ.

కేంద్రం వైపు తిన్నని గీత దించి, అడుగున గుండ్రటి మూల ఇచ్చి చాలామంది సరిపెడతారు. పళ్లు సరిపడా ఉంటే ఇది పనిచేస్తుంది. అసలు గేరు కోసే యంత్రం అక్కడ చేసేది వేరు. కత్తి కొస గేరుతో పాటు దొర్లుతూ వెళ్లేటప్పుడు ఆ మూలను తనదైన వంపుతో తొలుస్తుంది. పళ్లు 17 కన్నా తక్కువైతే, 20 డిగ్రీల గేర్లలో, ఆ కొస పన్ను మొదలును లోపలికి కొరికేస్తుంది. పాత 14½ డిగ్రీల గేర్లలో ఈ హద్దు 32 పళ్లు. 12 పళ్ల పినియన్‌ను తిన్నని గీతలతో గీసి ఊరుకుంటే, తెర మీద బలంగా కనిపించే ఆ మొదలు ఎదుటి గేరు పన్ను కొసకు అడ్డం వచ్చి ఇరుక్కుంటుంది. క్యాడ్‌లో రెండు గేర్లనూ జతచేసి, ఒక్కో డిగ్రీ తిప్పుతూ లోహంలోకి లోహం దిగబడుతోందేమో చూడడం అందుకే. ఈ పరీక్ష చేయకుండా ఫైలును వర్క్‌షాపుకు పంపకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

పన్ను విరిగేదీ ఆ మూల దగ్గరే. తోపు అంతా పన్ను మీద పడితే వంచే బలం పోగుపడేది మొదలు దగ్గర. మూల పదునుగా ఉంటే పగులు అక్కడే పుడుతుంది.

డ్రాయింగు లేని గేరు

ఇదంతా కాలేజీ ల్యాబులో చదువుకునే సంగతి మాత్రమే కాదు. బాపట్లలో 1981 నుంచి ఇంజనీరింగ్ కళాశాల, 1983 నుంచి వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ఉన్నాయి. చుట్టూ తెనాలి, రేపల్లె దాకా డెల్టా వరిపొలాలు, మిల్లులు, కాలువల మీద లాకులు, షట్టర్లు. నూర్చే యంత్రంలోనో మిల్లులోనో ఒక గేరు విరిగితే, తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడి ఉండవచ్చు. చేతిలో మిగిలేది అరిగిన ముక్క ఒక్కటే.

అప్పుడు తట్టే తేలిక దారి, ఆ ముక్కను ఫొటో తీసి లేదా స్కాన్ చేసి, అంచు వెంట క్యాడ్‌లో గీత గీయడం. అలా చేస్తే కొత్త గేరు అరుగుదలతోనే పుడుతుంది. పన్ను ఆకారాన్ని నకలు తీయకూడదు. ఆ పన్నును పుట్టించిన అంకెల్ని వెతకాలి.

ముందు పళ్లు లెక్కపెట్టండి, 20 అనుకుందాం. బయటి వ్యాసం కొలవండి. పన్ను పక్కలు అరిగినంతగా కొస అరగదు కాబట్టి ఈ కొలతను చాలావరకు నమ్మవచ్చు. 93.1 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. దాన్ని పళ్ల సంఖ్యకు రెండు కలిపి, అంటే 22తో భాగిస్తే 4.23. అలాంటి మాడ్యూల్ పట్టికల్లో ఉండదు. ఇక్కడ కంగారుపడి 4 అనో 4.5 అనో రాసేయకండి. 25.4ను 4.23తో భాగించి చూడండి, 6 వస్తుంది. అది అంగుళాల లెక్కలో చేసిన గేరు. పిచ్ సర్కిల్ వ్యాసంలో అంగుళానికి ఆరు పళ్ల చొప్పున కోసినది, వర్క్‌షాపు భాషలో 6 డీపీ. బ్రిటిష్ కాలం యంత్రాల్లోనూ వాటిని చూసి చేసిన వాటిలోనూ ఇది మామూలే.

మిగిలింది ప్రెజర్ యాంగిల్. 14½ డిగ్రీలా, 20 డిగ్రీలా? కంటితో చెప్పడం కష్టం, వెర్నియర్ చెబుతుంది. వెర్నియర్ దవడల మధ్య మూడు పళ్లు పట్టి కొలవండి, తర్వాత రెండే పళ్లు పట్టి కొలవండి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేయండి. మన 6 డీపీ గేరుకు జవాబు 12.50 దగ్గర వస్తే 20 డిగ్రీలు, 12.88 దగ్గర వస్తే 14½ డిగ్రీలు. తేడా 0.38 మిల్లీమీటర్లు. మామూలు వెర్నియర్ 0.02 దాకా చూపిస్తుంది కాబట్టి ఇది దొరికే తేడానే. పళ్లన్నీ ఒకేలా అరిగి ఉంటే ఆ అరుగుదల రెండు కొలతల్లోనూ సమానంగా ఉంటుంది, తీసివేతలో పోతుంది. ఈ కిటుకు నాకు ఎంతో ఇష్టం. ముక్క ఎంత పాడైనా దాని పుట్టుక లెక్క దానిలోనే దాగి ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఒక గేరు అంతగా అరిగితే దాని జత కూడా అరిగే ఉంటుంది. కొత్త పన్నును పాత పన్నుతో కలిపితే కొత్తదే త్వరగా పాడవుతుంది. వీలైతే రెండూ మార్చాలి.

కత్తిలో ఉన్న ఆకారం ఫైలులోకి వచ్చింది

మిల్లింగ్ మిషన్ మీద గేరు కోయించే రోజుల్లో డ్రాయింగులో పన్ను ఎలా గీశామన్నది పెద్ద విషయం కాదు. మూడు అంకెలు రాసిస్తే చాలు, ఆకారం కత్తిలోనే ఉండేది. ఒక మాడ్యూల్‌కు ఎనిమిది కత్తుల సెట్టు ఉంటుంది. 12, 13 పళ్లకు ఒకటి, 14 నుంచి 16కు ఒకటి, 17 నుంచి 20కి ఒకటి, అలా 135 పళ్లు, అంతకన్నా ఎక్కువ ఉన్న వాటన్నిటికీ చివరిది. 17–20 కత్తిని 17 పళ్లకు సరిపోయేలా చేస్తారు. దానితో 20 పళ్లు కోస్తే వచ్చేది దగ్గరి ఆకారమే, అసలు ఆకారం కాదు. హాబింగ్ యంత్రంలో ఆ లోటు లేదు. అక్కడ కత్తీ గేరూ కలిసి తిరుగుతూ ఎన్ని పళ్లకైనా సరైన ఇన్‌వల్యూట్‌ను అప్పటికప్పుడు పుట్టిస్తాయి.

ఇప్పుడు వైర్‌కట్, లేజర్, త్రీడీ ప్రింటర్ వచ్చాయి. వీటి కత్తికి ఆకారం తెలియదు. ఫైలులో గీత ఎటు పోతే అటే వెళతాయి. వంపు తప్పుగా గీస్తే ఆ తప్పును ఉన్నదున్నట్టే గేరులో దించిపెడతాయి. వైర్‌కట్ అయితే మిల్లీమీటరులో వందో వంతు కచ్చితత్వంతో లోహంలో కోసిపెడుతుంది. సరైన మోడల్ అవసరం ఇంతకుముందు కన్నా ఇప్పుడే ఎక్కువైంది అందుకే.

తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, రవిచంద్ర యంత్రాల తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు మలిచి దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. విగ్రహంలో చేరిన ఇనుప ముక్కకు రూపం ఉంటే చాలు. తిరగాల్సిన గేరుకు అది చాలదు. క్యాడ్ సాఫ్ట్‌వేర్‌ల లైబ్రరీల్లో తయారుగా దొరికే గేర్లు కొన్ని రూపం కోసమే ఉంటాయి. కూర్పులో ఎంత చోటు పడుతుందో చూపడం వరకే వాటి పని, పన్ను అంచు అసలుది కాదు. ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్‌లో పళ్ల సంఖ్య, మాడ్యూల్, ప్రెజర్ యాంగిల్ ఇస్తే ఇన్‌వల్యూట్ గీసిపెట్టే సాధనం ఉంది. దాన్ని వాడుకోవడంలో తప్పేమీ లేదు. ఒక్కసారైనా చేత్తో ఏడు అడుగులు వేసి గీసినవాళ్లకు, అది ఇచ్చింది సరైనదో కాదో తేల్చుకోవడం తెలుస్తుంది.

తేల్చుకోవడానికి మళ్లీ ఆ వెర్నియర్ కొలతే. మోడల్‌లో మూడు పళ్ల మీద రెండు సమాంతర గీతలు ఆనించి దూరం చూడండి. 20 పళ్లు, 4 మాడ్యూల్, 20 డిగ్రీలకు అది 30.64 మిల్లీమీటర్లు రావాలి. వస్తే అంచు వంపూ, అద్దం నిలబెట్టిన చోటూ రెండూ సరిపోయాయని అర్థం. అంతటితో కోతకు పంపేయకూడదు. 30.64 అంటే పన్ను సందులో ఎదుటి పన్ను పట్టినట్టు కూర్చుంటుంది. నూనె పొరకు చోటు లేదు, వేడికి లోహం సాగితే జరగడానికి చోటు లేదు. రెండు గేర్ల పళ్లనూ పిచ్ సర్కిల్ మీద 0.05 మిల్లీమీటరు చొప్పున సన్నం చేస్తే మధ్యలో పదో వంతు మిల్లీమీటరు ఆట దొరుకుతుంది. అప్పుడు మోడల్‌లో కొలత 30.59 చూపించాలి. కోసి తెచ్చిన గేరు మీద వెర్నియర్ పెట్టినప్పుడు కూడా అదే అంకె కోసం చూడాలి. 30.64 దాటి కనిపిస్తే ఆ గేరు జతలో ఇరుక్కునే ప్రమాదం ఉంది. 30.59 కన్నా బాగా తగ్గితే లోడు మారినప్పుడల్లా పన్ను పన్నును కొట్టుకుంటుంది.